నీటి నెఱిగి చేపను కొనుడు

అలంకారమత్స్యప్రియులకును విక్రేతలకును విన్నపము



గాజుతొట్టిలో చేపలను పెంచు ముచ్చట నేడు పట్టణములలోనేగాక పల్లెలలోను ప్రబలినది. అంగడిలో నీలిగీతయు ఎఱ్ఱగీతయు మెఱయు నియాన్ టెట్రాలను చూచి మనసుపడి, ప్లాస్టిక్ సంచిలో పట్టించుకొని వచ్చి, బోరునీటితో నింపిన తొట్టిలో వదలిన గృహస్థుడు, కొలది దినములలోనే అవి వన్నె తఱిగి, మూలకు చేరి, ఒక్కటొక్కటిగా తేలుట చూచి, వాని ఆయువే అంతయని తలచి, మరల అదే అంగడికి పోయి మరల వానినే కొని తెచ్చుచున్నాడు. ఈ దురవస్థకు చాలచోట్ల నీరే మూలము. కావున చేపను ఎన్నుకొనుటకు ముందు నీటిని పరీక్షింపవలయుననియు, ఏ చేపకు ఏ నీరు తగునో అంగడివారు తొట్టిమీదనే వ్రాసి పెట్టవలయుననియు కోరుటకే ఈ కరపత్రము.

దక్షిణ అమెరికాలో అమెజాను నదికి ఉపనదియైన రియో నీగ్రో జలము పాలు కలుపని తేనీటివలె నల్లని గోధుమవన్నె కలది. అడవిలో రాలి మురిగిన ఆకులనుండి దిగిన ఆమ్లములవలన దానికా రంగు వచ్చినది. అది పాఱు నేలలో సున్నపుపాలు మిక్కిలి తక్కువయగుటచే అందు లవణములు దాదాపు లేవనవచ్చును. ఆమ్లత్వమును తెలుపు దాని పీహెచ్ అంకె పలుచోట్ల 4కును 5కును నడుమ నుండును. 1956లో శాస్త్రజ్ఞులు నామకరణము చేసిన కార్డినల్ టెట్రాకు అది పుట్టినిల్లు. డిస్కస్ చేపయు, అపిస్టోగ్రామా జాతులలో పెక్కులును అట్టి మృదుజలమునకు చెందినవే. ఆగ్నేయాసియా బురదయడవుల చాక్లెట్ గౌరామియు ఆ కోవలోనిదే.

మన తెలుగు జిల్లాలలో పెక్కుచోట్ల బోరునీరు దీనికి తలక్రిందులైనది. కాచిన గిన్నె యడుగున తెల్లగా పెచ్చు కట్టుటయు, సబ్బు ఎంత రుద్దినను నురుగు రాకుండుటయు ప్రతి గృహిణియు ఎఱిగిన సంగతియే. అది నీట కరగియున్న కాల్షియము, మెగ్నీషియము లవణముల పని. త్రాగునీటి కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములవఱకు ఉండవచ్చుననియు, వేఱు నీరు దొరకనిచోట 600 వఱకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. మనము నిర్భయముగా త్రాగు ఆ నీరే, లవణమెఱుగని యేటిలో పుట్టిన చేపకు జీవితాంతము మోయవలసిన బరువగును. అందు బ్రదికినను దాని గ్రుడ్లు సరిగా పొదుగవు.

పెంపకపు తొట్లలో తరతరములుగా పుట్టిన చేపలు ఏ నీటికైనను అలవాటుపడునని అంగడివారు చెప్పుదురు. నియాన్ టెట్రా కొంత కాఠిన్యమును సహించుట నిజమే. ఏంజెల్ చేప యింకను ఎక్కువ సహించును. కాని అడవియేటినుండి పట్టి తెచ్చిన కార్డినలుకును, చాక్లెట్ గౌరామికిని ఈ మాట చెల్లదు.

మఱికొందఱు పీహెచ్ తగ్గించు మందును సీసాతో కొని తెచ్చి పోయుదురు. కఠినజలములో సాధారణముగా బైకార్బొనేటులుండును. అవి పోసిన ఆమ్లమును మ్రింగివేయుటచే, సాయంకాలము తగ్గిన పీహెచ్ మఱునాటికి మరల పైకెక్కును. అంతట వారు మఱికొంత పోయుదురు. పీహెచ్‌లో ఒక అంకె తగ్గుటయనగా ఆమ్లత్వము పదిరెట్లగుట యని తెలిసినవారు, ఈ యెత్తుపల్లములలో చేప యెంత నలుగునో యూహింపగలరు. మనము విస్తళ్లు కుట్టుకొను బాదముచెట్టు ఎండుటాకు నీటికి చక్కని వన్నెను, కొలది ఆమ్లమును ఇచ్చునుగాని, అదియు లవణములను తొలగింపజాలదు.

లవణములు లేని నీటిని కలుపుటయే ధర్మమైన మార్గము. తొలివానకు కప్పు కడిగిపోయిన పిదప పట్టిన వాననీరుగాని, ఆర్‌వో యంత్రపు నీరుగాని అందుకు తగును. అయితే ఉత్త వాననీటిలో పీహెచ్‌ను నిలుపు బైకార్బొనేటులు లేకుండుటచే అది హఠాత్తుగా పడిపోవచ్చును; 6కు దిగువకు జాఱినచో, చేపలు విడుచు అమోనియాను మార్చు సూక్ష్మజీవులును మందగించును. కావున కొంత ఇంటినీరు కలిపి, కొలిచి, నీరు మార్చినప్పుడెల్ల అదే పాలును పాటించుట క్షేమము. వేడిమిని సైతము గమనింపవలయును: డిస్కస్ 28 డిగ్రీల వెచ్చదనమును కోరును, నియాన్ అంత వేడిలో సుఖింపదు, డిస్కస్‌కు కార్డినలే తగిన తోడు. ఈ శ్రమ యంతయు వలదనువారికి గప్పీ, మోలీ, ప్లాటీ, స్వర్డ్‌టెయిలు కలవు. వానికి కఠినజలమే హితము.

విక్రేతలారా! ప్రతి తొట్టికిని ఒక చీటి అంటింపుడు. చేప పేరు, దానికి తగిన పీహెచ్, కాఠిన్యము, వేడిమి, అది పెరుగు పొడవు, పెంపకములో పుట్టినదో ఏటిలో పట్టినదో అను వివరము అందు వ్రాయుడు. చేప బ్రదికినచో కొన్నవాడు మరల మీ అంగడికే వచ్చును. చచ్చినచో తొట్టినే అటకమీదికి ఎక్కించును.

కొనువారలారా! తొట్టి కొన్ననాడే కాఠిన్యమును కొలుచు చుక్కల పరీక్షపెట్టె నొకదానిని కొనుడు. సాధారణముగా దొరకు పెట్టెలో అయిదు మిల్లీలీటర్ల నీటికి చుక్కచుక్కగా మందు విడుచుచు, ఎఱ్ఱనిది ఆకుపచ్చనగువఱకు లెక్కింపవలయును. చుక్క యొకటికి ఒక డిగ్రీ, డిగ్రీ యొకటికి లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. పది చుక్కలు దాటినచో, ఆ నీటిని ఉన్నదున్నట్లు వాడుచు మృదుజలమత్స్యముల జోలికి పోవలదు. చీటి లేని తొట్టినుండి చేపను కొనవలదు.