వెలుగు ముందు వంటింటికి

ఇల్లు వెలుగ్గా కనపడాలంటే ఏం చేయాలని ఎవర్ని అడిగినా హాలు గురించే చెప్తారు. సోఫా వెనక గోడకి ఏ రంగు, కిటికీకి ఏ కర్టెను, షోకేసులో ఏ లైట్లు అని. నా అభిప్రాయం వేరు. పగలంతా ఎవరు ఏ గదిలో ఉంటారో చూసి, వెలుగు ముందు ఆ గదికి చేరేలా చూసుకోవాలి. మన ఇళ్ళల్లో ఆ గది వంటిల్లు.

ఒక్కసారి లెక్క వేసుకోండి. పగటిపూట హాల్లో మనం కూర్చునేది ఎంతసేపు? వంటింట్లో నిలబడేది ఎంతసేపు? అయినా చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీ, పెద్ద కిటికీ హాలుకే. వంటింటి కిటికీ వాష్ ఏరియాలోకో, పక్క బ్లాకు గోడ వైపుకో తెరుచుకుంటుంది. బయట ఎండ పేలిపోతుంటే లోపల ట్యూబ్‌లైటు వేసుకుని తోటకూర బాగుచేసుకుంటాం. మా అత్తయ్యగారు బియ్యంలో రాళ్ళు ఏరాలంటే చేట పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోతారు. ఆవిడ చూపుకేమీ లోటు లేదు. అదే బాల్కనీలో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తారు. లోటల్లా వంటింట్లో వెలుగుకే.

పాతకాలం వాళ్ళు దీనికి దారి చూసుకున్నారు. మండువా లోగిలిలో ఇంటి నడుమ ఆకాశం కనపడేది. దాని చుట్టూ వసారాలో కూర్చుని ఆడవాళ్ళు పప్పులు చెరుక్కునేవారు, కూరలు తరుక్కునేవారు. పెంకుటింట్లో చీకటి గది ఉంటే కప్పులో ఒక గాజు పెంకు పెట్టించేవారు. సంక్రాంతికి గోడలకి సున్నం వేస్తే పండగ కళ ఒకటే కాదు, లోపలికొచ్చిన కాస్త వెలుగూ గదంతా పరుచుకునేది. ఇప్పటి జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా వంటింటి కిటికీల కొలత మామూలు గదుల కంటే 25 శాతం ఎక్కువ ఉండాలంటుంది. కట్టేవాళ్ళు అదెంత పాటిస్తున్నారో మన వంటిళ్ళు చూస్తే తెలుస్తూనే ఉంది.

గోడలు మనం పడగొట్టలేం. కానీ ఉన్న కిటికీని కాపాడుకోవచ్చు. కిటికీకి అడ్డంగా ఉన్న ఫ్రిజ్జునో, డబ్బాల స్టాండునో పక్కకి జరపండి. దోమల జాలికి పట్టిన నూనె జిడ్డు, దుమ్ము నెలకోసారి సబ్బునీళ్ళతో కడగండి, ఎంత తేడానో మీకే తెలుస్తుంది. వాష్ ఏరియాలో బట్టల దండెం కిటికీ ముందు నుంచి ఓ మూలకి మార్చండి. నల్ల గ్రానైట్ గట్టు వెలుగుని మింగేస్తుంది కాబట్టి దాని వెనక టైల్స్ తెల్లవో, మీగడ రంగువో వేయించుకోండి. అలంకారం కావాలంటే కిటికీలో ఒక సీసాలో మనీప్లాంటు చాలు.

మిగతా గదులకీ ఇంతే. ఉత్తరం కిటికీ వెలుగు రోజంతా నిలకడగా ఉంటుంది. చదువుకునే పిల్లల బల్ల అక్కడ వేయండి. పడమటి కిటికీకి మాత్రం ఎండాకాలం సాయంత్రాలు మందం తెర తప్పదు. తక్కినచోట్ల పాత నేత చీర పల్చని తెరగా కుట్టుకుంటే వెలుగూ వస్తుంది, పరువూ దక్కుతుంది.

“వచ్చినవాళ్ళు చూసేది హాలే కదా” అంటారు. నిజమే. వచ్చినవాళ్ళు గంట కూర్చుని వెళ్ళిపోతారు. ఆ గంట కోసం హాలుకి వేలు ఖర్చుపెట్టి, ఏళ్ళ తరబడి నిలబడే చోటుని చీకట్లో వదిలేయడం నాకు న్యాయంగా తోచదు. ఆ మాట ఇంట్లో మనమే అడగాలి. మనం అడగకపోతే మగవాళ్ళకి తట్టదు, పగలు వాళ్ళు అక్కడ ఉండరు కదా!

కొత్తగా ఇల్లు కొనేవాళ్ళూ, అద్దెకి వెతుక్కునేవాళ్ళూ ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. చూపించేవాళ్ళు లైట్లన్నీ వేసి చూపిస్తారు. పొద్దున పదింటికి వెళ్ళి, అన్నీ ఆర్పేయమని, వంటింటి గట్టు దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. అక్కడ పప్పులో రాయి కనపడుతుందనిపిస్తేనే అడ్వాన్సు ఇవ్వండి.