తరగతి గదిలో ‘సీతాకోకచిలుక’

ఈ సంవత్సరం వార్షికోత్సవాలలో ఒక పాత తెలుగు చలనచిత్రాన్ని ప్రదర్శించి, దానిపై చర్చాగోష్ఠి జరుపుకోవాలని కొందరు విద్యార్థులు నన్ను కోరారు. వారు ఎంచుకొన్నది 1981లో విడుదలైన ‘సీతాకోకచిలుక’. ఆ పేరు వినగానే పెద్దలలో ఒకరు, “మాస్టారూ, పిల్లలకు ప్రేమ పాఠాలు కూడా మనమే చెప్పాలా?” అని నవ్వుతూ అడిగారు. నవ్వుతూ అడిగినంత మాత్రాన అది తేలికైన ప్రశ్న కాదు. పిల్లలను నమ్మి మన చేతుల్లో పెట్టిన తల్లిదండ్రులందరి ఆందోళనా అందులో ఉన్నది. ఆనాడు నేను సమాధానం చెప్పలేక మౌనం వహించాను. ఈ వ్యాసమే నా సమాధానం.

‘శంకరాభరణం’ వంటి చిత్రాన్ని అందించిన ఏడిద నాగేశ్వరరావు గారి పూర్ణోదయా సంస్థయే ‘సీతాకోకచిలుక’నూ నిర్మించింది. దర్శకుడు భారతీరాజా. సంగీతం ఇళయరాజా. సంభాషణలు మన నరసాపురంలో జన్మించిన జంధ్యాల గారివి. ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దీనికే లభించింది. రాజమండ్రికి చెందిన అలీ బాలనటుడిగా తెలుగు ప్రేక్షకుల మనసులో చోటు సంపాదించుకొన్నది కూడా ఈ చిత్రంతోనే.

కథ చాలా చిన్నది. సముద్రతీరాన ఒక ఊరు. రఘు బ్రాహ్మణ యువకుడు, కరుణ క్రైస్తవ బాలిక. వారి పరిచయానికి వారధి సంగీతం. అల్లరిగా మొదలైన చెలిమి క్రమంగా అనురాగమవుతుంది. కరుణ అన్న డేవిడ్ ధనబలం, మతాల మధ్య గోడ, ఊరి కట్టుబాటు వారికి అడ్డు నిలుస్తాయి. ఇటువంటి కథలు అంతకు ముందూ వచ్చాయి, తరువాతా వచ్చాయి. ఈ చిత్రం విశిష్టత కథలో కంటె చెప్పిన తీరులో ఉన్నది.

నిజ జీవితంలో ఎవరూ ఇలా మందగతిలో పరుగెత్తరనీ, మనసు కలత చెందిన క్షణానికి సరిగ్గా అలలు ఎగసిపడవనీ ఒక విద్యార్థి నాతో వాదించాడు. అది నిజమే. కానీ కావ్యంలో చంద్రుడు విరహిణిని కాల్చుతాడని చదివినప్పుడు మనం ఉష్ణమాపకం తెచ్చి కొలవము కదా! అది ఉత్ప్రేక్ష, అతిశయోక్తి అని పిల్లలకు వివరిస్తాము. భారతీరాజా చేసినది సరిగ్గా అదే. పదహారు, పదిహేడేళ్ల ప్రాయంలో లోకం ఎలా ఉన్నదో ఆయన చూపలేదు. ఆ ప్రాయపు కన్నులకు లోకం ఎలా కనిపిస్తుందో చూపాడు. పెద్దలకు అతిగా తోచేది ఆ వయసు వారికి అక్షర సత్యం. ఈ సంగతిని గ్రహించడం విద్యార్థులకంటె అధ్యాపకులమైన మనకే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

యౌవన ప్రణయం మన తరగతి గదికి కొత్తదేమీ కాదు. పింగళి సూరన ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’లో నాయిక రాక్షసరాజు వజ్రనాభుని కుమార్తె, నాయకుడు శ్రీకృష్ణుని కుమారుడు. పగబట్టిన రెండు వంశాల మధ్య ప్రేమ అది. ఉర్దూ విభాగం వారికి 1609 నాటి వజహీ దక్కనీ మస్నవి ‘కుతుబ్ ముష్తరీ’ సుపరిచితమే. అదీ ప్రణయగాథయే. ఏలూరులో న్యాయవాదిగా జీవించిన నండూరి సుబ్బారావు గారు ఎంకి, నాయుడుబావల వలపును పాటలు కట్టి తెలుగుజాతికి ఇచ్చారు. వీటికి మనం పరీక్షలలో మార్కులు వేస్తున్నాము. పుస్తకంలో ఉన్నంతసేపు సాహిత్యమైనది తెర మీదికి రాగానే ప్రమాదం ఎలా అవుతుంది?

ఈ సందర్భంలో బాలచందర్ దర్శకత్వంలో 1978లో వచ్చిన ‘మరోచరిత్ర’ గుర్తుకు రాక మానదు. అక్కడ అడ్డుగోడ భాష. తమిళ యువకుడు బాలు, తెలుగు యువతి స్వప్న పెద్దలు విధించిన ఏడాది ఎడబాటును సహించి కూడా చివరకు మృత్యువు పాలవుతారు. కళాదృష్టితో చూస్తే అది గొప్ప చిత్రమే. అయితే ప్రేమకు పరిపూర్ణత మరణంలోనే ఉన్నదన్న భ్రమ లేత మనసులలో నాటుకొనే ప్రమాదం దానికి ఉన్నది. ‘సీతాకోకచిలుక’ ఆ దారి తొక్కలేదు. దాని జంట బ్రతకడానికే నిశ్చయించుకొంటుంది. ఒక ఉపాధ్యాయుడిగా నేను ఈ చిత్రాన్ని ఎన్నుకోవడానికి ఇది ఒక్కటే చాలు.

ఇక అసలు చిక్కు దగ్గరకు వస్తాను. చిత్రాంతంలో రఘు జంధ్యాన్నీ, కరుణ శిలువనూ విడిచివేస్తారు. ఐదు పూటలా నమాజు చేసే కుటుంబంలో పుట్టినవాడిని నేను. ఆ దృశ్యం నన్ను ఇబ్బంది పెట్టలేదని అంటే అది అబద్ధమే అవుతుంది. విశ్వాసాన్ని వదలుకొంటేగాని ప్రేమ నిలువదా అన్న ప్రశ్న నన్ను వెంటాడింది. దర్శకుడు దైవాన్ని నిందించలేదని, దైవం పేరిట కంచెలు వేసినవారిని నిందించాడని నేను భావిస్తున్నాను. అయినా ఆయన సమాధానాన్ని పూర్తిగా అంగీకరించలేను. మతం మార్చుకోకుండానే వివాహమాడే అవకాశాన్ని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఆనాటికే కల్పించింది. అందుకు అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండి ఉండాలి. చట్టం తొందరపడవద్దంటున్నది. చిత్రం ఆ మాట చెప్పదు. చేతిలో చదువు లేదు, సంపాదన లేదు, తల దాచుకొనే చోటు లేదు. మరునాటి ఉదయం ఆ పిల్లలకు అన్నం పెట్టేదెవరు? ఇక్కడ కూడా చిత్రం మౌనమే వహించింది.

ఈ లోపాలు ఉన్నందువల్లనే దీనిని మన ప్రాంగణంలో ప్రదర్శించాలని కోరుతున్నాను. నేడు ప్రతి విద్యార్థి చేతిలోనూ సెల్‌ఫోను ఉన్నది. మనం వద్దన్న చిత్రాన్ని వారు రాత్రివేళ దుప్పటి కప్పుకొని ఒంటరిగా చూడగలరు. అప్పుడు వారి సందేహాలకు బదులు చెప్పేవారెవరూ ప్రక్కన ఉండరు. అదే పదిమందితో కలిసి, గురువుల సమక్షంలో చూసినప్పుడు, చిత్రం వదిలివేసిన ప్రశ్నలను మనం పూరించవచ్చు. తెలుగులోనూ ఉర్దూలోనూ చర్చ జరగాలి. తల్లిదండ్రులనూ ఆహ్వానించాలి. ముఖ్యంగా విద్యార్థినులకు మాట్లాడే అవకాశం ముందుగా ఇవ్వాలి. ఇటువంటి కథలలో పరువు భారమంతా మోసేది వారే.

విద్యార్థులకు కూడా ఒక మాట. గూడు చీల్చుకొని వెలుపలికి వచ్చిన సీతాకోకచిలుక వెంటనే ఎగురలేదు. తడి రెక్కలు విచ్చుకొని ఆరేవరకు కొమ్మను పట్టుకొని వేచి ఉంటుంది. ఆ కాస్త నిరీక్షణే దానికి ఆకాశాన్ని ఇస్తుంది. మీకు ఈ కళాశాల ఆ కొమ్మ వంటిది. కమిటీ పెద్దలకు నా విన్నపం కూడా ఇదే. రెక్కలు ఆరేవరకు కొమ్మ కదలకుండా చూడండి. రెక్కలే మొలవకూడదని మాత్రం శాసించకండి.