మన మాట: చివరి గంట మ్రోగిన తరువాత

వేసవి సెలవులు సమీపిస్తున్నాయి. మన క్వార్టర్లలో ప్రయాణాల ఏర్పాట్లు మొదలయ్యాయి. పిల్లల్లో కొందరు అమ్మమ్మగారి ఊరికి, కొందరు ఈత నేర్చుకోవడానికి, మరికొందరు సంగీతానికో చిత్రలేఖనానికో వెళతారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే టౌన్‌షిప్ ప్రహరీకి అవతల, మన ఇళ్ళలో పనిచేసేవారి పిల్లలకూ, కాంట్రాక్టు కార్మికుల పిల్లలకూ ఇవే రోజులు ఎలా గడుస్తాయన్నది ఈ నెల పాఠకుల ముందుంచదలచాము.

ముందుగా ఒక చిన్న లెక్క. 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదవ తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. ఏడాదికి ఉన్న గంటలు 8,760. అంటే బడి పిల్లవాడికి ఇచ్చేది పదింట ఒక వంతు కన్నా తక్కువే. మిగిలిన కాలమంతా ఇంటిదీ, వీధిదీ. చదువుకున్న తల్లిదండ్రుల ఇంట ఆ కాలం కూడా చదువు చెబుతుంది. వార్తాపత్రిక, భోజనాల వేళ సంభాషణ, హోంవర్కు చూసే అమ్మ, లెక్క సరిదిద్దే నాన్న అక్కడ ఉంటారు. ఒకే గదిలో అయిదుగురు మసలే ఇంట, తల్లి పని ముగించుకుని రాత్రికి గాని రాని ఇంట, ఆ అవకాశం లేదు. లోపం పిల్లల తెలివిలో లేదు, బడి వెలుపలి గంటల్లో ఉంది.

ఈ గంటలను సద్వినియోగం చేయడంలో మన తెలుగునాటనే మంచి ఆదర్శం ఉంది. సుప్రసిద్ధ చరిత్రకారులు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట 1981లో ఏర్పడిన ఫౌండేషన్, 1991 నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో పనుల్లో మగ్గుతున్న బాలబాలికలను బడికి చేర్చే కృషి సాగించింది. పదేళ్ళు దాటిన పిల్లను ఒకటవ తరగతి పసివాళ్ళ మధ్య కూర్చోబెడితే ఆమె సిగ్గుతో బడి మానేయడం సహజం. అందుచేత ఆ సంస్థ శిబిరాలు నెలకొల్పి, బ్రిడ్జి కోర్సు ద్వారా పిల్లలను వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి బడిలో చేర్పించింది. ఈ ఉద్యమానికి సారథ్యం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. వయసుకు తగిన తరగతి, అందుకు ప్రత్యేక శిక్షణ అనే భావన విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్‌లో చోటు పొందడం గమనార్హం.

సాయంత్రపు చదువుకు ఇటీవలి ఉదాహరణ తమిళనాడు. కోవిడ్ కారణంగా బడులు మూతపడి పిల్లలు నేర్చినది మరచిన స్థితిలో, ఆ రాష్ట్ర ప్రభుత్వం 2021లో ‘ఇల్లం తేడి కల్వి’, అనగా ఇంటిని వెదకి వచ్చే విద్య, అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఊళ్ళోని స్వచ్ఛంద కార్యకర్తలు, ప్రధానంగా మహిళలు, నెలకు వెయ్యి రూపాయల ప్రోత్సాహకంతో తమ వాడలోని పిల్లలకు సాయంత్రం గంట, గంటన్నర చదువు చెప్పారు. బడులు తెరిచిన ఆరు నెలల్లో పిల్లలు కోల్పోయిన చదువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి చేకూరిందనీ, అందులో దాదాపు నాలుగో వంతు ఈ సాయంత్రపు తరగతుల ఫలమనీ గ్రామీణ విద్యార్థులపై జరిగిన అధ్యయనంలో తేలింది.

ఈ రెండు ప్రయత్నాల్లోనూ అద్భుతమైన భవనాలు గాని, ఖరీదైన పరికరాలు గాని ప్రధానం కాలేదు. పిల్లలను పేరుపెట్టి పిలిచే ఒక పెద్ద మనిషి, నిర్ణీత వేళ, తప్పని క్రమం, ఇవే పనిచేశాయి. తరగతి పుస్తకంతో గాక, పిల్లవాడు నిజంగా చదవగలిగిన చోటు నుంచి బోధన మొదలుకావడం కూడా ముఖ్యం. అయిదవ తరగతి బాలుడికి గుణింతాలు రాకపోతే గుణింతాలతోనే ప్రారంభించాలి. అందులో చిన్నతనం లేదు.

మరొక విషయం ఆకలి. బడి మూసిన రోజుల్లో సాధారణంగా మధ్యాహ్న భోజనమూ ఆగుతుంది. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించడానికి కారణం అదే. కనుక వేసవి శిబిరం నిర్వహించేవారు పలకలతో పాటు పిడికెడు గుగ్గిళ్ళ గురించీ ఆలోచించాలి. ఆడపిల్లలు చంకన తమ్ముడితో వస్తే ఆ తమ్ముడికీ చాప మీద చోటివ్వాలి. లేకుంటే మరునాడు ఆ అక్క రాదు. చీకటి పడకముందే తరగతి ముగియాలి.

కంపెనీల చట్టం, 2013 ప్రకారం నిర్ణీత పరిమితికి మించిన సంస్థలు సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. కేవలం ఉద్యోగులకూ వారి కుటుంబాలకూ ఉపకరించే పనులు ఆ లెక్కలోకి రావు. కనుక నిధులకు మార్గం ఉంది. నిధులతో కొనలేనిది మన సాయంత్రాలు. శిబిరం చివరి రోజున ఛాయాచిత్రాలు, ధ్రువపత్రాలు పంచి, జూన్‌లో ఆ పిల్లలు బడికి వెళ్ళారో లేదో విచారించకపోతే శ్రమంతా వృథా. వారానికి రెండు సాయంత్రాలు చాలు, కాని అవి ఏడాది పొడవునా సాగాలి.

ప్రతి యూనిట్‌లోనూ సాయంత్రం ఖాళీగా ఉండే కమ్యూనిటీ హాలు ఉంది. విశ్రాంత ఉద్యోగులున్నారు, విద్యావంతులైన గృహిణులున్నారు, డిగ్రీ చదువుతున్న మన పిల్లలున్నారు. వారానికి రెండు సాయంత్రాలు కేటాయించగల పాఠకులు తమ పేరు, బోధించగల విషయం, వీలైన రోజులు మాకు తెలియజేయగోరుతున్నాము. పేర్లను ఆయా యూనిట్ల వారీగా వచ్చే సంచికలో ప్రకటిస్తాము. జూన్ తరువాత ఎంతమంది పిల్లలు బడిలో నిలిచారో కూడా ఇదే శీర్షికలో తెలుపుతాము.