పిల్ల రొయ్యకు పొడి ఒక్కటే చాలదు

బంగారుపాళ్యం చుట్టుపక్కల వండే బెల్లం మనకు పొంగలికీ పాకానికీ. తూర్పున వాకాడు తీరంలో రొయ్యల రైతుకు బెల్లం చెరువు సరుకు. తవుడు, ప్రొబయాటిక్ పొడి కలిపి పులియబెట్టి నీళ్లలో చల్లుతాడు. మేలుచేసే బ్యాక్టీరియా పెరిగితే జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాకు చోటు తగ్గుతుందని ఆశ. అందులో నిజముంది. అయితే ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అని అమ్మే ప్రతి ప్యాకెట్టునూ అంతే నమ్మలేం.

రొయ్య ఒంట్లో మనలాగా యాంటీబాడీలు తయారు కావు. కోళ్లకు వేసినట్టు టీకా వేసి నిశ్చింతగా ఉండే వీలు లేదు. చెరువులో వదిలిన మొదటి నెల దానికి మరీ గండం. 2009 ప్రాంతంలో చైనాలో మొదలై వియత్నాం, థాయిలాండ్‌లను కుదిపేసిన ఈఎంఎస్ (ఎర్లీ మోర్టాలిటీ సిండ్రోమ్) జబ్బు ఆ వయసు పిల్లల్నే ఊడ్చేసింది. విషం పుట్టించే విబ్రియో దానికి కారణమని అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం 2013లో తేల్చింది.

ఈస్టు కణాల గోడల్లోని బీటా గ్లూకాన్, బాసిల్లస్ ప్రొబయాటిక్‌లు, సేంద్రియ ఆమ్లాలు, విటమిన్ సి పరీక్షల్లో ఎంతో కొంత మేలు చూపినవే. చిక్కంతా గట్టు మీద మొదలవుతుంది. రొయ్య మేతను గుటుక్కున మింగదు, కాళ్లతో పట్టుకొని నెమ్మదిగా కొరుకుతుంది. ఆలోగా విటమిన్ సి నీళ్లలో కలిసిపోతుంది. బైండర్ పట్టించి నీడన ఆరబెట్టాల్సిన మేతను ఎండకు వేస్తే ఉన్న సత్తువా పోతుంది. బీటా గ్లూకాన్‌ను విడవకుండా పెడితే రక్షణ శక్తే అలసిపోతుందని పరిశోధకుల హెచ్చరిక. పైగా చెరువులో దిగిన కొత్తలో పిల్ల నీటిలోని సూక్ష్మజీవుల్నే ఎక్కువ తింటుంది. మనం కలిపిన పొడి దాని నోటికి చేరేదెంత? అందుకే ఈ ఖర్చేదో నర్సరీ ట్యాంకుల్లోనే పెట్టడం మేలని నా అభిప్రాయం.

వైట్ స్పాట్ వైరస్ జబ్బును గానీ, ఎదుగుదలను ఆపేసే ఈహెచ్‌పీని గానీ ఏ పొడీ నయం చేయదు. పిల్లను కొనే ముందు ఆ జబ్బులున్నాయేమో చూసే పీసీఆర్ పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు, ఆ తర్వాత పొడులకు పెట్టే డబ్బు ముందు చాలా చిన్నది.

చెప్పకుండా యాంటీబయాటిక్ కలిపిన ప్యాకెట్టు ఇంకా ప్రమాదం. యూరోపియన్ యూనియన్ 2016లో మన రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. అవశేషాలు దొరికితే సరుకు తిరిగొస్తుంది, నష్టం చివరికి చెరువు ధర మీదే పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి చేపల మేత నాణ్యత చట్టం ఉంది. ప్యాకెట్టు మీద ఏ బ్యాక్టీరియా, గ్రాముకు ఎంత, కిలో మేతకు ఎంత కలపాలో అచ్చు వేయించాలి. అంగళ్లలో నమూనాలు తీసి, ఫలితాలను కంపెనీల పేర్లతో సహా తెలుగులో ప్రకటించాలి.