ఆరోగ్యశ్రీ కార్డుకి కళ్లద్దాలు వస్తాయా?

మొన్న ఫిబ్రవరిలో వారం రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని దర్శి వెళ్లా. రెండో రోజు మా పిన్ని వచ్చి నా చేతిలో ఓ కవరు పెట్టింది. లోపల ఆధార్ జిరాక్సు, ఆరోగ్యశ్రీ కార్డు. "ఒరేయ్, నీకు ఫోన్లో అన్నీ దొరుకుతాయి కదా. ఈ కార్డు తీసుకునే కంటి డాక్టరు మన దర్శిలో ఎవరున్నారో చూసిపెట్టు" అంది.

పిన్నికి 46 ఏళ్లు. సీజన్‌లో మిరప కల్లాల్లో కాయలు ఏరడానికి వెళ్తుంది. ఎర్ర కాయల్లోంచి తాలు కాయల్ని వేరు చేయాలి. గుంటూరు యార్డుకి వెళ్లే టిక్కీల్లో తాలు కలిస్తే రేటు పడిపోతుంది. పిన్ని ఏరిన కుప్పలో తాలు మిగిలిపోతోందని రైతు రెండుసార్లు అన్నాడట. మూడోసారి అనిపించుకోవడం ఎందుకని ఒంట్లో బాగాలేదని చెప్పి మానేసింది. "చూపు ఆనట్లేదని చెప్తే మళ్లీ పిలుస్తారా?" అని నన్నే అడిగింది.

ఇదెంత పని అనుకున్నా. మ్యాప్స్ తెరిచి ఫోన్లు మొదలుపెట్టా. కళ్లద్దాల షాపాయన "టెస్టింగ్ ఫ్రీ, అద్దాలకి డబ్బులివ్వాలి, కార్డు తీసుకోం" అన్నాడు. ఒంగోలులో ఓ ప్రైవేటు కంటి ఆసుపత్రికి చేస్తే "ఆపరేషన్ ఏమైనా రాశారా?" అని అడిగారు. ఇంకా చూపించనే లేదన్నా. "అయితే ఓపీకి కట్టాల్సిందేనండి."

అప్పుడు వెలిగింది, నేను వెతుకుతున్నదే తప్పు అని. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఈ పథకం ప్రధానంగా పెద్ద జబ్బుల కోసం. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఇల్లు గుల్ల కాకుండా కాపాడుతుంది. ఆయుష్మాన్ భారత్ కూడా అంతే, ఓపీకి వర్తించదు. అంతెందుకు, నా కంపెనీ ఇన్సూరెన్స్‌లోనూ అద్దాలకి పైసా రాదు. అంటే కన్ను బాగా పాడై ఆపరేషన్ దాకా వెళ్తే సాయం చేసే దారులున్నాయి. పాడవకముందు చూపించుకోవడానికి, ఓ జత అద్దాలకి మాత్రం కార్డు పనికిరాదు.

మరి కంటి వెలుగు? మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న మొదలైంది. ముందు బడి పిల్లలకి, తర్వాత 2020 ఫిబ్రవరి నుంచి 60 దాటిన అవ్వాతాతలకి పరీక్షలు పెట్టారు. పిన్ని బడికెళ్లే పిల్ల కాదు, అవ్వ కూడా కాదు. మధ్యలో పడిపోయింది.

ఆ మధ్య వయసులోనే కదా అసలు అవసరం! 40 దాటాక కంట్లోని లెన్స్ గట్టిపడి, దగ్గరివి మసకబారతాయి. దాన్నే మనవాళ్లు చత్వారం అంటారు. జబ్బేం కాదు, అందరికీ వచ్చేదే. అస్సాంలో 40 దాటిన 751 మంది తేయాకు కూలీలతో చేసిన ఓ అధ్యయనం 2018లో వచ్చింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవాళ్ల పని, ఇవ్వనివాళ్లతో పోలిస్తే దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. ఆకు కోసే చేతికైనా తాలు ఏరే చేతికైనా కన్నే కదా దారి చూపేది.

మీ ఇంట్లోనూ ఇదే సమస్య ఉంటే, నేను తెలుసుకున్నది చెప్తా. పవర్ చూసి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టు వేరు, ఆపరేషన్ చేసే కంటి డాక్టరు వేరు. కార్డు తీసుకునే డాక్టరు కోసం వెతికేకన్నా ముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో అడగండి. అక్కడ పవర్ చూసే ఆప్తాల్మిక్ ఆఫీసర్ ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్లండి. పరీక్షకి డబ్బులుండవు. 1976 నుంచి నడుస్తున్న జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు. పెద్దవాళ్లకి దగ్గరి చూపు అద్దాలు ఇవ్వడం కూడా అందులో ఉంది, కాబట్టి మొహమాటపడకుండా అడగండి. ఇంకా పెద్ద సమస్యయితే ఒంగోలు జీజీహెచ్, పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ ఉన్నాయి. శంకర, ఎల్వీ ప్రసాద్ రెండూ పేదలకి ఉచితంగా వైద్యం చేస్తాయి. కంటికి సంబంధించి ఏ చికిత్స కార్డు కిందికి వస్తుందో 104కి ఫోన్ చేసి తెలుసుకోవచ్చు.

ఇంకో మాట. సంతలో అద్దాలు పెట్టి చూసుకుని, అక్షరం కనబడగానే కొనేసుకునేవాళ్లు చాలామంది. అక్షరాలు కనబడొచ్చుగానీ, లోపల నీటికాసులున్నాయో, షుగర్ వల్ల రెటీనా దెబ్బతింటోందో ఆ అద్దాలు చెప్పవు. 40 దాటాక ఒక్కసారైనా సరైన పరీక్ష చేయించాలి.

పిన్నికి తేలింది చత్వారమే. చీటీ పట్టుకుని షాపుకెళ్తే అద్దాలు 450 రూపాయలయ్యాయి. నేను ఇస్తానంటే ఒప్పుకోలేదు, కొంగుముడి విప్పి తనే ఇచ్చింది. ఆ 450 కోసం ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుందో లెక్కేయబోయి ఊరుకున్నా. మర్నాడు పొద్దున్నే కల్లానికి వెళ్లిపోయింది. కార్డు కవరు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఫోన్ చేస్తే "ఈసారి వచ్చేటప్పుడు తేరా, దేనికో దానికి పనికొస్తది" అంది.

ఈ వారం ఊరెళ్తే మీరూ ఓ పని చేయండి. వాట్సాప్ చూసేటప్పుడు అమ్మ ఫోన్‌ని ఎంత దూరంగా పట్టుకుంటోందో గమనించండి. చేయి బారుగా చాపుతోందంటే మీకు చెప్పట్లేదని అర్థం.