బలం వేరు, మన్నిక వేరు

‘బలం’, ‘మన్నిక’ అనే మాటలను నేడు చాలమంది పర్యాయపదాలుగా వాడుతున్నారు. అవి పర్యాయపదాలు కావు. ఆ భేదం విస్మరిస్తే కలిగే అనర్థానికి రివాల్వర్ చరిత్రే సాక్ష్యం. ఒక్క పేల్పుకు పగలకుండా నిలవడం బలం. వేలసార్లు పేల్చినా కొలత తప్పకుండా ఉండడం మన్నిక.

1847 నాటి కోల్ట్ వాకర్‌కు లోపించినది బలం. దాని సిలిండరులోని ఒక్కొక్క అర అరవై గ్రెయిన్ల మందు పట్టేది. ఆనాటి ఇనుము ఆ ధాటికి ఓర్వలేక కొన్ని సిలిండర్లు పగిలాయి. తరువాత వచ్చిన డ్రాగూన్‌లో సిలిండరును కురచ చేసి, మందు తగ్గించారు.

1955లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన కాంబాట్ మాగ్నమ్, అనగా తరువాతి మోడల్ 19, కథ వేరు. దాని సిలిండరు .357 మాగ్నమ్ ఒత్తిడిని తట్టుకొంది. అయితే గొట్టం వెనుక కొసను, చోటు చాలక, అడుగున చదునుగా చెక్కారు. తేలిక గుండ్లు గల వడి తూటాలను విరివిగా కాల్చినప్పుడు ఆ పలుచని చోటే బీటలు వారేది. బలం ఉంది, మన్నిక చాలలేదు. 1980ల ఆరంభంలో అదే సంస్థ ఇంకొంచెం పెద్ద చట్రంతో 586, 686 మోడళ్లను తేవలసివచ్చింది.

ఇక నా అభిప్రాయం. .38 స్పెషల్ తూటాకు అమెరికా ప్రమాణాలు విధించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు; .357 మాగ్నమ్‌కు 35,000. 1935లో మాగ్నమ్‌ను తెచ్చినవారు తూటా తొడుగును సుమారు అంగుళంలో ఎనిమిదోవంతు పొడిగించారు. కనుక అది .38 రివాల్వర్‌లో ఇమడదు. హెచ్చరిక చదవనివాణ్ణి సైతం ఆ పొడవు కాపాడుతుంది. అనంతరం వచ్చిన ‘.38 స్పెషల్ +పి’ పరిమితి 20,000; కొలతల్లో మాత్రం పాతదానికి కవల. పైకి కనిపించే భేదం తొడుగు అడుగున వేసిన ముద్రలోనే ఉంది. తాతలనాటి రివాల్వర్‌లోనూ అది సుఖంగా దూరుతుంది. నాలుగు పేల్చి, ‘పగలలేదు గనుక పరవాలేదు’ అనుకోవడం బలాన్ని చూసి మన్నికను ఊహించడమే.

జీవితమంతా హితవు చెప్పడమే వృత్తిగా గడిపినవాణ్ణి. హితవుకు గల హద్దు నాకు తెలుసు. ఒత్తిడి పెంచినప్పుడు ఆకారమూ మార్చడం తయారీదారుల ధర్మం. అది జరగనిచోట, తూటా ఇమిడిందని తృప్తిపడక, ఆ తుపాకి చేసినవాడు దేనికి సమ్మతించాడో తెలుసుకోవడం వాడేవాని ధర్మం.