బీడీ చాట దాకా రాని దోస్తీ



మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక మస్జిద్ ముందు చాయ్ హోటల్లో కూర్చున్నాం. పొగాకు మీద నేను రాసిన వార్త చదివిన ఒక చచ్చా అన్నారు: "మియా, ఈ తంబాకు బంద్ చేయాలనేటోళ్లంతా బయటి దేశాల పైసలతో నడిచేటోళ్లు. మన గరీబోళ్ల రోజీరోటీ మీద సాజిష్ ఇది." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఆయన పెద్దాయన, నలుగురిలో ఎదురు చెప్పలేకపోయాను. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

సరిహద్దులు దాటి చేతులు కలపడమే సాజిష్ అయితే, ముందుగా సరిహద్దులు దాటింది సిగరెట్ కంపెనీలు. దక్షిణ అమెరికాలో ఉరుగ్వే అని చిన్న దేశం ఉంది. దేశం మొత్తం జనాభా మన హైదరాబాద్ నగరమంత కూడా ఉండదు. సిగరెట్ పెట్టె మీద 80 శాతం జాగా హెచ్చరికలకే ఇవ్వాలని అది నియమం పెట్టింది. 2010లో ఫిలిప్ మోరిస్ కంపెనీ ఆ దేశాన్ని అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కు లాగింది. అప్పుడు ఉరుగ్వే పక్కన నిలబడింది ఎవరు? చచ్చా అనే ఆ "బయటోళ్లే". అమెరికాలోని క్యాంపెయిన్ ఫర్ టొబాకో ఫ్రీ కిడ్స్ సంస్థ, బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ డబ్బు. 2016 జులైలో ఉరుగ్వే గెలిచింది. దాని కేసు ఖర్చుల కింద 70 లక్షల డాలర్లు కంపెనీయే కట్టాలని తీర్పు వచ్చింది.

ఈ సంస్థల దోస్తీ నిన్నమొన్నటిది కాదు. 1999లోనే చాలా దేశాల సంఘాలు ఒక కూటమిగా ఏర్పడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒప్పందం కోసం ప్రభుత్వాలు చర్చిస్తుంటే వీళ్లు బయట కాపలా కాశారు. మంచిగా మాట్లాడిన దేశానికి ఆర్కిడ్ పువ్వు అవార్డు, కంపెనీల పాట పాడిన దేశానికి 'మురికి యాష్‌ట్రే' అవార్డు! 2003లో ఒప్పందం కుదిరింది, 2005 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. నేడు 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. మన దేశం 2004లోనే చేరింది.

ఇక బయటి పైసా మాట. ఇండోనేషియాలో ముహమ్మదియ్యా అనే పెద్ద ముస్లిం జమాత్ 2010లో పొగ తాగడం హరామ్ అని ఫత్వా ఇచ్చింది. వెంటనే "బ్లూమ్‌బర్గ్ గ్రాంట్ తీసుకుని ఇచ్చిన ఫత్వా" అని దాడి మొదలైంది. పైసల హిసాబ్ అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. కానీ గ్రాంట్ వచ్చినంత మాత్రాన ఊపిరితిత్తుల్లోకి పోయే పొగ హలాల్ అవుతుందా? ఇండోనేషియా ఇప్పటికీ ఆ ఒప్పందంలో చేరలేదు. ఫత్వా ఒక్కటే సరిపోదు, ప్రభుత్వం మెడలు వంచే చట్టం కూడా కావాలి.

ఇంతవరకూ ఆ సంస్థల వైపే మాట్లాడాను. ఇప్పుడు వాళ్లతో నాకున్న తగాదా చెబుతాను.

మా ఖాలా నిజామాబాద్ జిల్లాలో ముప్పై ఏళ్లు బీడీలు చేసింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. నా ఉర్దూ మీడియం కితాబులు ఆ చాటలోంచే వచ్చాయి. బీడీ సన్నగా ఉందని కార్ఖానా మనిషి కొన్ని తీసేసేవాడు, వాటికి కూలీ లేదు. ఆమె ఏనాడూ బీడీ కాల్చలేదు. అయినా చివరి రోజుల్లో దగ్గు ఆమెను నిద్రపోనివ్వలేదు.

అదే ఒప్పందంలో 17వ ఆర్టికల్ ఉంది. పొగాకు కార్మికులకు, రైతులకు, చిన్న అమ్మకందారులకు బతకగలిగే వేరే దారి చూపాలన్నది దాని సారం. పన్నుల మీద, పెట్టె బొమ్మల మీద వినిపించే గొంతు ఈ ఆర్టికల్ దగ్గరికి వచ్చేసరికి సన్నబడుతుంది. ఆ ఖాళీలోకి దూరేది కార్ఖానా సేఠ్. "పన్ను పెంచితే గరీబ్ ఔరత్ ఏమైపోవాలి?" అని ఖాలా తరఫున వకాల్తా తీసుకుంటాడు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ బీడీల పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. తగ్గించమన్నవాళ్లు కార్మికుల పేరే చెప్పారు. వెయ్యి బీడీల కూలీ అందులో ఎంత పెరిగిందో ఆ సేఠ్‌లను అడగండి. తెలంగాణలో బీడీ కార్మికులకు 2016 రూపాయల పింఛను ఉంది, సంతోషమే. కానీ పింఛను వేరు, వేరే పని వేరు.

బీడీ చాట నిజామాబాద్‌లోనే లేదు. ముర్షిదాబాద్ జంగీపూర్‌లోనూ ఉంది, సరిహద్దు అవతల బంగ్లాదేశ్ రంగ్‌పూర్‌లోనూ ఉంది. పెద్ద సభల్లో దేశాలను కలిపే సంస్థలు ఈ మూడు చోట్ల ఆపాలను ఒక్కచోట కూర్చోబెట్టి, మీకేం పని కావాలని అడగాలి. మన మస్జిద్ కమిటీలు కూడా "మక్రూహే కదా" అని దాటేయకుండా, జుమ్మా ఖుత్బాలో పొగ నుక్సాన్‌తో పాటు బీడీ చేసే ఔరత్ హక్ గురించి చెప్పించాలి.

చచ్చా, మీరు బయటి పైసల సంగతి అడిగారు. అడగండి, నేనూ మీతో కలిసి అడుగుతాను. కానీ మీ చేతిలోని ఆ బీడీని చుట్టిన ఔరత్‌కు ఎంత దక్కిందో కూడా మనిద్దరం కలిసే అడగాలి.